పైడితల్లి కాగితం

నేను ఒక ఇంగ్లీషు టైపు మిషన్ని. పుట్టింది బొంబాయి వైపు ఒక ఫ్యాక్టరీలో. మొదట ఓ జనపనార మిల్లు ఆఫీసులో ఉండేదాన్ని. మేనేజరు గారి కోపాలన్నీ నా మీదే అచ్చయ్యేవి. మిల్లు మూతపడ్డాక వేలంలో నన్ను సన్యాసిరావు పాడుకున్నాడు. పార్వతీపురంలో తాలూకాఫీసు ఎదురుగా రేకుల పంచ, ఒక బల్ల, రెండు కుర్చీలు. అదే అతని దుకాణం.

ఉద్యోగాల దరఖాస్తులు కొట్టడం మా పని. బల్ల మీది అద్దం కింద ఒక నమూనా కాగితం ఉండేది. పేరూ ఊరూ చదివిన తరగతీ మారేవి గానీ, చివరి వాక్యం ఎవరికైనా ఒకటే. ‘పాఠశాల విద్య ద్వారా నేను తగినంత జ్ఞానమునూ, వివిధ నైపుణ్యములనూ సంపాదించితిని’ అని దాని అర్థం. ఇంగ్లీషులో దాని దర్జాయే వేరు. ప్యూను ఉద్యోగానికీ అదే, పంతులు ఉద్యోగానికీ అదే. నాలెడ్జ్ అనే మాట ముందు ఎవరూ పలకని కె ఒకటి ఉంటుంది చూశారూ, దాన్ని కొట్టీ కొట్టీ నా కె అరిగిపోయింది. మనుషులు నోటితో పలకనిదానికి నా ఒళ్ళు అరగాలా అని నవ్వొచ్చేది.

ఒక ఎండాకాలం పైడితల్లి వచ్చింది. పిల్లల హాస్టల్లో ఆయా ఉద్యోగం పడిందట. ఆమె చదువు ఎనిమిదో తరగతి. టైపయిన కాగితం అందుకుని, చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

“ఇదేటి బాబూ, దీనర్థం?”

సన్యాసిరావు చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“అది కాదు బాబూ. బళ్ళో సైన్సు మేస్టారు కాచిన నీళ్ళల్లో ఉప్పూ పంచదారా ఎంతెంత కలపాలో నేర్పినారు. మా తమ్ముడికి విరేచనాలు పట్టుకుంటే రెండ్రోజులు చెంచాతో అవే పోసి బతికించినాను. పిల్లలుండే సోటు కదా, అది రాయండి.”

అతని వేళ్ళు నా మీద ఆగిపోయాయి. ఎందుకో నాకు తెలుసు. సన్యాసిరావుకి ఇంగ్లీషు రాదు. అద్దం కింద ఉన్నదే అతని ఇంగ్లీషంతా. ఆ గుట్టు ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు.

“అలా రాయకూడదమ్మా. పద్ధతి ఇదే” అన్నాడు.

నెల తిరిగాక ఆమె మళ్ళీ వచ్చింది. “ఇరవై కాయితాల్లోనూ అదే మాటుందట బాబూ. హాస్టల్ మేడమ్ గారు నవ్వీసి పక్కన పడీసినారు.” గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “మళ్ళీ ఏడు ఇంకోటి పడతాదంట. అప్పటికి నాది రాసి ఉంచండి” అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అతను పాత పుస్తకాల కొట్లో డిక్షనరీ కొన్నాడు. ఉప్పు దొరికింది, పంచదార దొరికింది, ‘కాచి చల్లార్చిన’ దగ్గర చిక్కుపడ్డాడు. తాలూకాఫీసు గుమాస్తాని అడగొచ్చు. అడిగితే ఇన్నాళ్ళ పరువు ఏం కావాలి? ఎన్నో కాగితాలు ఉండచుట్టి పారేశాడు. పదిరోజులకి ఐదు వరుసలు వచ్చాయి. కె ఉన్నచోటల్లా కలంతో దిద్దాడు. తప్పులున్నాయేమో నాకు తెలియదు. నా ఒంటి మీదుగా అలాంటి మాటలు పోవడం మాత్రం అదే మొదలు. అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మరుసటేడు ఉద్యోగం పడింది. పైడితల్లి రాలేదు. మొగుడితో కలిసి హైదరాబాదు కట్టుబడి పనులకి పోయిందని ఎవరో అన్నారు. అయినా సన్యాసిరావు రోజూ సాయంత్రం పని ముగించాక ఆ కాగితం తెచ్చి నా రోలరుకి ఎక్కించేవాడు. పొద్దున్నే తీసి అద్దం కింద దాచేవాడు. పంచ మెట్ల మీద ఆడమనిషి అడుగుల చప్పుడైతే ఇద్దరం ఆశగా చూసేవాళ్ళం.

కంప్యూటర్లు వచ్చాయి. అతనికి చూపు తగ్గింది. నన్ను పాతసామాన్ల కొట్టుకి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు కాగితం నాకే బిగించి, “దీన్ని తియ్యకు బాబూ, ఒకావిడ వస్తుంది” అన్నాడు. కొట్టువాడు నవ్వాడు గానీ తియ్యలేదు. వానొస్తే గోనెపట్టా కూడా కప్పుతున్నాడు.

హైదరాబాదులో ఏ మేడ కింద ఇసుక మోస్తోందో మా పైడితల్లి. మీకెక్కడైనా కనిపిస్తే చెప్పండి, కాగితం తయారైందని. సంతకం ఒక్కటే మిగిలింది.