కోమలి విసిరిన ముడుపు

పెళ్లయి పదహారు రోజులైనా సుకుమార్ పక్కన తీరిగ్గా కూర్చునే యోగం కోమలికి పట్టలేదు. ఇంటినిండా చుట్టాలే మరి. రేపటి నుంచి అతనికి శ్రీ సిటీ ఫ్యాక్టరీలో డ్యూటీ. ఇక మిగిలింది చిత్తూరు నుంచి తిరుపతికి ఈ బస్సు ప్రయాణమే.

అందుకే బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే ఆమె పరుగెత్తింది. సీటు పట్టాలంటే కిటికీలోంచి ఏదో ఒకటి వేయాలి. చేతిరుమాలుతో సుకుమార్ మెడ తుడుచుకుంటున్నాడు. చేతికి దొరికింది అత్త కట్టిచ్చిన పసుపుగుడ్డ ముడుపు. దాన్నే టక్కున ఇద్దరి సీటులో పడేసింది.

“మే, స్వామి ముడుపును ఇసిరేసినావా?” అన్నాడు సుకుమార్.

“స్వామికి ఇచ్చేదే కదా బావా. ఆలోపల మనకొక సీటు పట్టియ్యలేడా?”

నవ్వుకుంటూ చెరుకురసం బండి దగ్గరికి పోయారు. ఒకే గ్లాసు, రెండు స్ట్రాలు. సగం తాగేసరికి బస్సులోంచి జనం ఒకరిమీద ఒకరు పడి దిగుతున్నారు.

“బస్సు ఖాళీ అయిపోతా ఉండాది బావా! మన అదృష్టం సూడు!” అంటూ కోమలి ఎగురుకుంటూ పోయింది.

కండక్టర్ ఢిల్లీబాబు చేతులడ్డం పెట్టాడు. “ఎక్కొద్దమ్మా! సీట్లో ఏందో మూట. ఎవురిదంటే ఒక్కరూ పలకలా. ఇప్పి సూస్తే బొక్కలు పెట్టిన బిళ్ళలు, వైరుకు గుచ్చినారు. దానిమింద రాతలు మన దేశంవి కావు.”

“బాంబే అది,” అంది రాఘవమ్మ అనే ముసలావిడ, పనసకాయను చంకలో అదుముకుంటూ.

“పసుపుగుడ్డలోనా అవ్వా?” అన్నాడు ఢిల్లీబాబు.

“ఆడే ఉండాది వాళ్ళ తెలివి!”

“అయ్యో, ఆ మూట నాదే!” అంది కోమలి.

జనమంతా మూడడుగులు వెనక్కి జరిగారు, ఈసారి ఆమెకు దూరంగా.

గ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చాడు సుకుమార్. “అది జపాను చిల్లరప్పా! ఆ దేశంలో కొన్ని బిళ్ళలకు నడాన బొక్కుంటాది. మా ఫ్యాక్టరీ జపాను సారు పెండ్లికి ఇచ్చినాడు. దారం తెగతాదని నేనే వైరుకు గుచ్చినాను. కరెంటు పనోణ్ణి, నాకు వైరుకేం కరువు! పరాయి దేశం దుడ్లు మొదట స్వామికే అని మాయమ్మ ముడుపు కట్టింది.”

ఢిల్లీబాబు బస్సెక్కి, ఒక బిళ్ళను కంటికి ఆనించి, బొక్కలోంచి డ్రైవరును చూశాడు. “కనపడతా ఉండావబ్బా!”

అందరూ గొల్లుమని నవ్వి బస్సెక్కారు. రాఘవమ్మ మాత్రం ముందు సీటుకే అతుక్కుంది. “చిల్లరే కానీలే. నేను ఆ పక్కకు రాను.”

ఆమెను చూసి మిగతావాళ్ళకూ అనుమానం వచ్చినట్టుంది. కొందరు నిలబడ్డారేగానీ, ముడుపు చుట్టూ సీట్లలో ఎవరూ కూర్చోలేదు. ఆ ఖాళీ మధ్యన కోమలి ముడుపును మళ్ళీ కట్టి ఒళ్ళో పెట్టుకుని, సుకుమార్ భుజంమీద తల వాల్చి, చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

దారిలో పూతలపట్టులో ఎక్కిన లావుపాటాయన నేరుగా వాళ్ళ వెనక సీటుకేసి వచ్చాడు.

కోమలి ముడుపును మెల్లగా గలగలలాడించింది.

“అప్పా, ఆడొద్దు!” అని ముందునుంచి రాఘవమ్మ కేకేసింది.