గేటు బయట అరగంట

దూలపల్లి అంగన్‌వాడీ టీచరు సరళకు తల్లిపాల గురించి చెప్పడం కొట్టినపిండి. బిడ్డకు బలం, రోగాలు దగ్గరికి రావు... ఏడేళ్లుగా అవే మాటలు. తల్లులు తలలూపేవాళ్లు. మూడో నెల దాటగానే చాలా ఇళ్లలో పాలసీసా కనిపించేది. ఎందుకని అడిగితే, "కంపెనీకి వోవాలె గద టీచరమ్మా" అనేవాళ్లు.

అందుకే 1999 వానాకాలంలో బాలమణి సంగతి ఆమెకు అంతుపట్టలేదు. బాలమణిదీ మందుల కంపెనీలో పనే, మాత్రలను అట్టపెట్టెల్లో సర్దడం. సరళ పెట్టిన మీటింగుకు ఒక్కదానికీ రాలేదు. అయినా కూతురికి పదో నెల వచ్చినా పాలు మాన్పించలేదు. మధ్యాహ్నం తిండి గంట కొట్టగానే గేటు బయటికి వచ్చేది. అత్త లక్ష్మమ్మ పిల్లను చంకనేసుకుని అప్పటికే నిలబడి ఉండేది.

ఒకరోజు సరళ కూడా వెళ్లి ప్రహరీ నీడలో వాళ్ల పక్కన కూర్చుంది.

"బాలమణీ, ఇంత తిప్పలపడి పాలెందుకిస్తున్నవ్? బిడ్డ మంచిగుండాలనా?"

బాలమణి కొంగు సర్దుకుంటూ నవ్వింది. "గదంత ఎవరాలోచించిన్రు టీచరమ్మా? నేను మొదలువెట్టింది కోపంతోని."

"కోపమా?"

"కాన్పయినంక మూడు దినాలు పాలు వడలే. మా ఆడిబిడ్డ వచ్చి, 'ఈమెకు పాలెక్కడియి, డబ్బపాలు తెచ్చుకోండ్రి' అన్నది. నా పానం సురుక్కుమన్నది. ఎట్ల రావో చూస్త అనుకొని, పొద్దుమాపు పిల్లను రొమ్ముకు వట్టుకొనే కూసున్న."

"నా బిడ్డ నోరు గసొంటిది, ఏం జేస్త," అంది లక్ష్మమ్మ. "నాల్గోనాడు పాలు వడ్డయి. కోడలు ఏడ్సింది, నేను గుడ ఏడ్సిన."

"మరి ఆ కోపం ఎన్నడో పోయుంటది. ఇంకా ఎందుకిస్తున్నవ్?" సరళ వదల్లేదు.

బాలమణి పిల్ల తల నిమిరింది. పిల్ల పాలు తాగుతూ తల్లి పుస్తెలతాడును వేళ్లతో మెలిపెడుతోంది.

"పొద్దున లేస్తే నీళ్లు, పొయ్యి, బట్టలు. ఈడికొస్తే నిలబడుడే. నేను కూసునేది గిప్పుడొక్కటే. పాలిస్తుంటే లేవుమని ఎవ్వరనరు, మా ఆయన గుడ అనడు." కొంచెం సిగ్గుపడింది. "నన్ను జూడంగనే ఇది కాళ్లు కొట్టుకుంటది. గది మస్తనిపిస్తది."

సరళ పంచే కాగితాల్లో ఈ మాటలేవీ లేవు.

ఆ వారమే కొత్త సూపర్‌వైజరు వచ్చి, తిండి గంటలో ఎవరూ గేటు దాటొద్దన్నాడు. రెండు రోజుల్లో బాలమణికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. సంగతి తెలిసి సరళ కంపెనీకి వెళ్లి సూపర్‌వైజరును కలిసింది. బిడ్డ బలం గురించి చెబితే అతను చేతిలోని కాగితం మీదినుంచి తలెత్తలేదు. "సీసా పట్టమనుండ్రి," అన్నాడు.

"పాలియ్యకపోతే ఆమెకు జ్వరమొచ్చింది సార్. అందుకే ఇయ్యాల పనికి రాలే."

అతను తలెత్తాడు. "పాలు ఇయ్యకపోతే తల్లికి జ్వరమొస్తదా?"

"మీ ఇంట్ల అడుగుండ్రి."

అతను ఇంట్లో అడిగాడో లేదో సరళకు ఎన్నడూ తెలియలేదు. బాలమణి కోలుకుని పనికి వచ్చిననాడు మాత్రం గేటు తెరిచారు, అరగంటలో లోపల ఉండాలనే షరతుతో. దసరా నాటికి మరో ఇద్దరు తల్లులు ఆ గోడ పక్కన చేరారు.

సరళ ఇప్పుడు చెప్పడం తగ్గించి, పాలెందుకిస్తున్నారని తల్లులను అడగడం మొదలుపెట్టింది. ఒకామె, సీసా కడగలేక పరేషాన్ అయితున్న అంది. సుజాత అనే బాలింత నెమ్మదిగా, "మా అమ్మ నాకియ్యలేదంట. ఎందుకో ఎర్కలే. ఎట్లుంటదో ఇచ్చి చూస్తున్న," అంది.

బాలమణి కూతురు రెండేళ్లు దాటాక పాలు మానింది. ఎట్ల మాన్పించావని సరళ అడిగింది.

"నేనెక్కడ మాన్పిచ్చిన? అదే మానింది," అంది బాలమణి. "నాకైతే ఇంకొన్ని దినాలు ఇయ్యాలనే ఉండె."