మెటోడి గడ్డం గీసుకునే వేళ

నెవెనా కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టే వేళకి స్నానాలగదిలో మెటోడి పాట ఎత్తుకునేవాడు. గోధుమ కోతల పాట. గోడలు అదిరేలా పాడేవాడు. రెండో చరణానికి కాఫీ పొంగేది. మూడో చరణానికి నెవెనా కప్పు కడిగి బోర్లించి కోటు తొడుక్కునేది. కోట్లు కుట్టే కార్ఖానాకు పోయే ట్రాలీబస్సు అందాలంటే పాట పూర్తికాకముందే మెట్లు దిగాలి. ఏ రోజైనా ఆలస్యమైతే, ఆ గొంతు మొదటి అంతస్తు దాకా వెంట వచ్చేది.

మెటోడి పోయి ఏడేళ్లయింది.

రూసే ఊళ్లో, డాన్యూబ్ నది ఒడ్డునున్న ఆ పాత కాంక్రీటు భవనంలో అందరిదీ అదే పరిస్థితి. స్నానాలగదులన్నీ ఒకదాని నెత్తిన ఒకటి. వాటి వెనక నేల నుంచి పైకప్పు దాకా ఒకటే గాలి గొట్టం. ఎవరింట్లో పోయినవాళ్ల గొంతులు వాళ్ల స్నానాలగది జాలీలోంచి వస్తాయి. కింది ఇంట్లో ఎప్పుడో ఓడిపోయిన ఫుట్‌బాల్ ఆట గురించి ఒక మామగారు ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. పై ఇంటి గాంకా జాలీలోంచి చచ్చిపోయిన ఆడపడుచు తుమ్ములు వినపడతాయి.

"ఇవాళ మీ ఆయన గొంతు భలేగా పలికిందే నెవెనా," అనేది గాంకా, మెట్లు ఊడుస్తూ.

నెవెనా తలూపి దిగిపోయేది. ఆ పాట వింటే తనకి ఒళ్లు మండుతుందని ఎవరికీ చెప్పుకోలేదు.

వాళ్లకి ఇల్కో ఒక్కడే కొడుకు. వాడికి ఆరేళ్లప్పుడు, ఫిబ్రవరి చలిలో, మెదడు జ్వరం వచ్చి చూస్తుండగానే పోయాడు. పాతిపెట్టి వచ్చిన మర్నాడు, చావింట్లో అద్దాల మీద కప్పిన గుడ్డలు ఇంకా తీయనేలేదు, మెటోడి స్నానాలగదిలోకి పోయి గడ్డం గీసుకున్నాడు. బిడ్డ పోతే తండ్రి నలభై రోజులు గడ్డం ముట్టుకోడు, అక్కడ ఎవరైనా అంతే. ఇతను గీసుకోవడం ఒక్కటే కాదు, గొంతెత్తి పాట కూడా పాడాడు. నెవెనా మంచం మీద పడుకుని గోడవైపు చూస్తూ విన్నది. ఆ మర్నాడూ పాడాడు. ఆ తర్వాతి రోజూ అంతే.

ఒకరోజు ఆగలేక తలుపు దగ్గర నిలబడి అడిగింది: "నువ్వు అసలు మనిషివేనా?"

మెటోడి గడ్డం మీది సబ్బు తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయి, మానేసి, నీళ్ల కుళాయి తిప్పాడు. ఆ రాత్రి నుంచి నెవెనా పక్క వేరే గదిలో వేసుకుంది. అలాగే ఒక ఇంట్లో ఒకరికొకరు ఉప్పు అందించుకుంటూ బతికారు. అతను పోయినప్పుడు ఆవిడ కళ్లు తడి కాలేదు. పాట మాత్రం పోలేదు.

నెవెనా రోజూ ఎక్కే ట్రాలీబస్సు డ్రైవరు పేరు స్తొయిల్. భార్య పోయినవాడు, భారీ మనిషి, మాట మెత్తన. ఏడాదిగా ఆవిడ కోసం ముందు సీటు మీద తన టోపీ పెట్టి ఉంచేవాడు. చివరికి ఒకరోజు టోపీ తీస్తూ పెళ్లి మాట అడిగేశాడు. నెవెనా ఒప్పుకుంది. స్తొయిల్ ఇల్లు చూడటానికి వచ్చి, స్నానాలగదిలో దూరి, అవస్థపడి బయటికొచ్చాడు.

"ఇందులో వెనక్కి తిరగాలంటే ముందు బయటికొచ్చి, తిరిగి, మళ్లీ లోపలికి పోవాలి," అన్నాడు. కాసేపు టోపీ నలుపుకుని, "ఇంకో మాట. తప్పుగా అనుకోకు. పక్కన ఇంకో మగాడు పాడుతుంటే నేను గడ్డం గీసుకోలేను. చెంప కోసుకుంటాను," అన్నాడు.

"ఆ సంగతి నేను చూస్తాలే," అంది నెవెనా. అన్నాక ఆవిడకే తన గొంతులోని సంతోషం విని భయమేసింది.

నెవెనా అక్క కూతురు కలీనా ఇళ్ల లోపలి అలంకరణ చదువుకుంది. టేపు పట్టుకుని వచ్చి గదిని అటూ ఇటూ కొలిచింది.

"పిన్నీ, ఇది గది కాదు, బీరువా. స్నానం చేస్తే కమోడ్ కూడా చేస్తోంది!"

"అందుకే టాయిలెట్ కాగితం చుట్ట తడవకుండా బయట తలుపు పిడికి తగిలిస్తాం."

"ఇక తగిలించక్కర్లేదు. చూడు, ముందు ఈ తలుపు తీసేద్దాం. లోపలికి తెరుచుకుని సగం చోటు ఇదే మింగేస్తోంది. గోడ వెంబడి జరిగే తలుపు పెడదాం. వాషింగ్ మెషిన్ వంటింట్లోకి పోతుంది. కమోడ్ గోడకి వేలాడుతుంది. కింద నేల కనపడుతుంటే గది పెద్దదనిపిస్తుంది. షవర్ దగ్గర ఒక గాజు పలక చాలు, చుట్టూ కట్టేయొద్దు. నేలకీ గోడలకీ ఒకటే రంగు పెద్ద టైల్స్, లేత ఇసుక రంగు. సబ్బులకి గోడలోనే ఒక గూడు."

"మరి అది?" నెవెనా కళ్లతో పైకి, జాలీ వైపు చూపించింది.

కలీనా టేపు చుట్టుకుంటూ నెమ్మదిగా అంది: "ఫాల్స్ సీలింగ్ వేసి లోపల దూది పలకలు కూరుతాం. చప్పుడు లేని ఫ్యాను వస్తుంది. బాబాయి గొంతు ఇక వినపడదు. నీకు పర్వాలేదా పిన్నీ?"

"పర్వాలేదు," అంది నెవెనా.

ఆసెన్ అనే మేస్త్రి వచ్చాడు. నోరు ఆగని మనిషి. పాత టైల్స్ రాలగొట్టాడు, తలుపు ఊడదీసి చెత్తబండి ఎక్కించాడు, సాయంత్రానికి జాలీ కోసి చేత్తో లోపల తడిమాడు.

"ఇదేంటి నెవెనక్కా! మీ ఆయన గాలే రానీకుండా బిగించేశాడే. ఇవి చూడు, పాత బనియన్లు. సున్నంలో ముంచి కుక్కాడు. గోడలకి బూజు పట్టిందంటే పట్టదా మరి?" ఒక్కొక్కటే లాగి కింద పడేశాడు. గట్టిపడి చెక్కల్లా ఉన్నాయి. గొట్టంలోంచి చల్లటి గాలి ఒక్కసారి గదిలోకి దిగింది.

మర్నాడు శనివారం, కార్ఖానా లేదు. నేలంతా సిమెంటు దుమ్ము తెల్లగా పరుచుకుని ఉంది. నెవెనా కాఫీ పొయ్యి మీద పెట్టింది. మెటోడి పాట ఎత్తుకున్నాడు. బనియన్ల అడ్డు లేకపోయేసరికి, మనిషి పక్కనే నిలబడ్డంత దగ్గరగా వినిపించింది. గడ్డం మీద బ్లేడు గీరుకుపోయే చప్పుడు కూడా తెలుస్తోంది. మొదటి చరణం అయింది. అతను ఊపిరి తీసుకున్నాడు.

ఆ ఊపిరి సందులో, గొట్టం లోపలి నుంచి, ఇంకో గొంతు వచ్చింది.

"అమ్మా, తలుపు తియ్యి. నాకు రావట్లేదు."

వెంటనే మెటోడి గొంతు దాని మీద పడింది. ఎంత గట్టిగా పాడాడంటే పాట కాదు, కేకలా ఉంది.

కాఫీ పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. నెవెనా కదల్లేదు. ఆ తలుపు గడియ ఎప్పుడూ బిగుసుకుపోయేది. ఇల్కో పెద్దవాడినైపోయానని లోపల గడియ పెట్టుకునేవాడు, తర్వాత తీయలేక పిలిచేవాడు. ఆవిడ చేతిలో పని వదిలేసి, కత్తి మొనతో బయటి నుంచి గడియ తిప్పేది. రోజుకోసారి జరిగేదే. ఎన్నోసార్లు విసుక్కుంది కూడా.

రెండో చరణం అయింది. "అమ్మా, తలుపు..." మెటోడి మళ్లీ అందుకున్నాడు. పాట మధ్యలో గొంతు జీరబోతోంది, అయినా ఆపడం లేదు. ఏ సందులో ఆ పిలుపు వస్తుందో అతనికి తెలుసు. దానికోసం కాచుకుని ఉండి, రాగానే మీద పడుతున్నాడు.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు మొహం కడుక్కోవడానికి వెళ్లి అతను ఈ పిలుపు విని ఉంటాడు. పక్కగదిలో తను పడుకుని ఉంది. అప్పుడు తను విని ఉంటే? నెవెనాకు తెలుసు. ఆ తలుపు ముందు కత్తి పట్టుకుని కూర్చునేది, ఇక లేచేది కాదు. అందుకే అతను జాలీ కుక్కేశాడు, అది చాలక రోజూ పాడాడు. "మనిషివేనా" అని అడిగితే, ఏదో చెప్పబోయి కుళాయి తిప్పాడు. చచ్చిపోయాక కూడా ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పలేకపోయాడు.

ఆవిడ వెళ్లి, తలుపు లేని ఆ ఖాళీ చట్రం ముందు నిలబడింది.

"చాలు మెటోడి," అంది. "అలసిపోయావు. నన్ను విననియ్యి."

పాట సగం మాట దగ్గర ఆగిపోయింది. గొట్టంలో గాలి కూడా ఆగింది.

"అమ్మా?"

"తలుపు లేదురా నాన్నా. తెరిచే ఉంది. రా."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత సిమెంటు దుమ్ములో, కమోడ్ ఉండే చోట, రెండు చిన్న పాదాల ముద్రలు పడ్డాయి. వేళ్లు, మడమ, అన్నీ విడివిడిగా. ముద్రలు ఒకదాని ముందొకటి పడుతూ వచ్చి ఆవిడ ముందు ఆగాయి. నెవెనా మోకాళ్ల మీద కూర్చుంది. ముట్టుకోవడానికి ఏమీ లేదు. సబ్బు వాసన మాత్రం వచ్చింది, ఇప్పుడు దొరకని ఆ పాత పిల్లల సబ్బు. కాసేపటికి ముద్రలు ఆవిడ పక్కనుంచి నడవాలోకి వెళ్లి, వీధి తలుపు దగ్గర నిలబడ్డాయి.

పిల్లవాడు బయటికి పోతానంటున్నాడు. ఆవిడ చెయ్యి తాళం మీద వేసి, ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలీదు. చివరికి తెరిచింది.

తెల్లటి పాదాలు మెట్ల మీద రెండేసి దూకుతూ దిగిపోయాయి. నెవెనా ఇంటి చెప్పులతోనే వెంట పరిగెత్తింది. కింద చీపురు పట్టుకుని ఉన్న గాంకా, "పొద్దున్నే ఎవరే దుమ్ము కాళ్లతో..." అని మొదలుపెట్టి, ముద్రల కొలత చూసి పక్కకి జరిగింది. చీపురు గోడకి ఆనించింది. ఆ రోజు మెట్లు ఊడవలేదు.

భవనం గుమ్మం దాటాక దుమ్ము పల్చబడింది. లేత ఎండలో, పిల్లలు ఆడే మైదానం వైపు రెండు ముద్రలు కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. తర్వాత నేలంతా ఒక్కలాగే ఉంది.

మర్నాడు నెవెనా కాఫీ పెట్టింది. పాట లేదు. ఆ మర్నాడూ లేదు. "మెటోడి," అని పిలిచింది గొట్టంలోకి. "ఒక్క మాట చెప్పాలి." పై ఇంట్లో ఆడపడుచు తుమ్మింది, అంతే. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

స్తొయిల్ వచ్చి టైల్స్ పెట్టె మీద కూర్చున్నాడు. ఆవిడ ఏదీ దాచకుండా అంతా చెప్పింది. అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఒకటి అడుగుతాను," అన్నాడు. "ఆ పాట నోరు మూయించడానికేనా నన్ను ఒప్పుకున్నావు?"

"అవును," అంది నెవెనా. "నీ దగ్గర అబద్ధం ఆడలేను."

"ఇప్పుడు పాట లేదుగా. నేను వచ్చేదా, మానేదా?"

"రా. కానీ ఇప్పుడే కాదు. ఆయన పోయి ఏడేళ్లయింది, నేను ఒక్కరోజు ఏడవలేదు. ముందు ఆ పని చెయ్యాలి. నలభై రోజులు ఆగగలవా?"

"ట్రాలీబస్సు నడిపేవాణ్ణి. రోజంతా ఆగడమే కదా నా పని," అన్నాడు స్తొయిల్. నవ్వించాలనే అన్నాడు. ఆవిడ ఏడుపు మొదలైంది. అతను లేచి వంటింట్లోకి పోయి, ఆవిడకి వినపడేలా గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడు.

గది పని పూర్తయింది. లేత ఇసుక రంగు టైల్స్, వేలాడే కమోడ్, గాజు పలక, అన్నీ కలీనా అనుకున్నట్టే కుదిరాయి. ఫాల్స్ సీలింగ్ మాత్రం నెవెనా వద్దంది. జరిగే తలుపుకి గడియ కూడా వద్దంది. "ఎవరైనా వస్తే ఎలా పిన్నీ?" అని కలీనా అడిగితే, "లోపలున్నవాళ్లని దగ్గమను," అంది.

అక్కడ ఇంట్లో ఎవరైనా పోతే ఫొటోతో కాగితం అచ్చువేయించి భవనం తలుపుకి అంటిస్తారు. ఏడేళ్ల కిందట నెవెనా నలుగురూ ఏమంటారోనని అచ్చు దుకాణం వాడి దగ్గరున్న మాటల్లో ఏవో నాలుగు వేయించింది. ఇప్పుడు కొత్త కాగితం వేయించింది. అందులో మెటోడి పడుచువాడు, నవ్వుతున్నాడు. కింద రెండే మాటలు: ఇల్కో తండ్రి.

స్తొయిల్ జిగురు డబ్బా పట్టుకుని వచ్చాడు. కాగితం వెనక కుంచెతో పూసి, తలుపుకి ఆనించి పట్టుకున్నాడు.

"వంకరగా ఉందా?"

"కొంచెం పైకి," అంది నెవెనా.

అతను పైకి జరిపాడు. మెటోడి చెంప మీద కాగితం ముడుచుకుంది. స్తొయిల్ ఆ ముడతని బొటనవేలితో, నెప్పి పెట్టకూడదన్నట్టు, మెల్లగా చదును చేశాడు.