పెట్టెలకున్న మర్యాద

ఐర్లండ్‌లో గాల్వే ఊరి శివార్లలోని ఆ ఫ్యాక్టరీకి సీగల్ అనే సముద్రపక్షి ఒకటి రోజూ పొద్దున్నే డ్యూటీకి వచ్చేది. అక్కడ గుండెలోకి దూర్చే సన్నగొట్టాలు తయారవుతాయి. ఏ పెట్టె విప్పి పరీక్షించాలో మనుషులకి వదిలేస్తే చేతికందిన పైపెట్టే తీస్తారు కదా, అందుకని ఆ పని పక్షికి అప్పజెప్పారు. పైదో, అడుగుదో, మూలదో, అది వాలిన పెట్టెనే క్వాలిటీ చూసే మధులిక విప్పేది. అది వాలిందంటే లోపం దాగదు. వంకర గొట్టం దానంతటదే పైకి లేచి కూర్చునేది. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా టిక్కు పెట్టుకుని, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

కోవిడ్ రోజులు. ప్యాకింగ్ హాల్లో సగం మందితోనే పని నడుస్తోంది. జనవరిలో మేనేజర్ హనుమత్ప్రసాద్‌కి తొందర పుట్టింది. సోమవారం నుంచి అందర్నీ ఒకేసారి దింపాలని, హాలు భద్రంగా ఉందా అని సర్వే చేయించాడు. నూటికి తొంభైమంది "గ్రాండ్" అన్నారట, అంటే అక్కడి మాటలో అంతా బాగుందని. ఇక అడగాల్సినవాళ్ళనే అడిగారని మధులిక సంతకం పెట్టడమే మిగిలింది.

ఎవర్నడిగారో చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. సర్వే ఈమెయిల్లో వెళ్ళింది. ఫ్యాక్టరీ ఈమెయిల్ ఉన్నదెవరికి? ఇంట్లో సోఫాలో కూర్చుని పనిచేసే ఆఫీసువాళ్ళకి. భుజాలు రాసుకుంటూ ప్యాక్ చేసేవాళ్ళకి అదెక్కడిది? వంటింట్లో ఉక్క ఎలా ఉందని, ముందుగదిలో ఫ్యాను కింద ఉన్నవాళ్ళనడిగినట్టుంది!

ప్యాకింగ్‌లో పనిచేసే మార్తక్కది చీరాల. ఆవిడ భర్తకి ఒక్క ఊపిరితిత్తే పనిచేస్తుంది. హాలు నిండితే జబ్బు తన వెంటే ఇంటికొస్తుందని ఆవిడ బెంగ. అయినా వర్క్ పర్మిట్ పోతుందేమోనన్న భయంతో, సూపర్‌వైజర్ ఎప్పుడడిగినా "గ్రాండ్" అనేసేది.

సంతకం పెట్టనంది మధులిక. మనుషుల సర్వేకి ఇంత రాద్ధాంతమెందుకమ్మా అని విసుక్కున్నాడు హనుమత్ప్రసాద్. పెట్టెలంటే కస్టమర్‌కి వెళ్ళేవి, వాటి సంగతి వేరట.

"గొట్టాన్నైతే మూలమూలా వెతికి అడుగుతాం. మనిషికి ఆ పాటి మర్యాద కూడా లేదా సార్?"

అంటూనే షట్టరెత్తి సీగల్‌ని బయటికి వదిలింది. షిఫ్టుకొచ్చినవాళ్ళంతా కార్ పార్కులో దూరదూరంగా వరస కట్టి ఉన్నారు. హనుమత్ప్రసాద్ లబలబలాడుతూ వెనకే వచ్చాడు. పక్షి ముందు ఊడ్చే మనిషి భుజమ్మీద వాలింది, తర్వాత లారీ డ్రైవర్ మీద. "గ్రాండ్" అనబోయిన నోట ఆ మాటే రాలేదు. కిటికీలు తెరుచుకోవన్నాడొకడు. దగ్గుతూనే పనిచేస్తున్నానన్నాడింకొకడు. తర్వాత మార్తక్క.

"నెల్లాళ్ళుగా ఇంట్లో పడుకోవట్లేదండీ. కార్లోనే. ఆయన కిటికీలోంచి చూస్తా ఉంటాడు."

మధులికకి కూడా తెలియదా మాట. ఈ చలిలోనా అని కళ్ళు చెమ్మగిల్లాయి.

సీగల్ ఒక చుట్టు తిరిగి హనుమత్ప్రసాద్ భుజమ్మీద వాలింది. ఆయన పెదాలు బిగబట్టాడు. ఏం లాభం?

"పోయిన మార్చి నుంచి నేనా హాల్లో అడుగు పెట్టలేదు," అన్నాడు. "నాకు చచ్చేంత భయం."

సోమవారం హాల్లో సగం మందే ఉన్నారు, కిటికీలకి వడ్రంగులొచ్చారు. భర్తకి టీకా పడేదాకా మార్తక్కని జీతమిచ్చి ఇంట్లోనే ఉండమన్నారు. రెండు వారాలు ఎడంగా ఉండి, జబ్బేమీ లేదని తేలాక, ఆవిడ కారు వెనక సీట్లోంచి దుప్పటి తీసి ఇంట్లోకి పట్టుకెళ్ళింది.