నాలుగో యూనిట్

మా ఇంటి పక్కన రేకు పెట్టెలు చేసే వర్క్‌షాపులో మధ్యాహ్నం ఒంటిగంటకు సుత్తుల చప్పుడు ఆగుతుంది. రెండింటికి మళ్ళీ మొదలవుతుంది. చెన్నై చూలై పేటలో కాపురం ఉంటూ ఆన్‌లైన్ పాఠాలు రికార్డు చేయాలంటే నాకు దక్కేది ఆ గంటే. ఇంట్లో భోజనాల వేళ కూడా అదే. అందుకని పన్నెండున్నరకే వంట ముగించి, అత్తయ్యకు అన్నీ అందేలా పెట్టి, పడకగదిలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి, తలుపు కింది సందులో పాత దుప్పటి కుక్కి, చెమట తుడుచుకుని, ల్యాప్‌టాప్ ముందు నవ్వుతూ కూర్చుంటాను. ఎవరిని చూసి నవ్వుతావని మా ఆయన వెంకట్రామ్ ఒకసారి అడిగారు. గోడను చూసి అన్నాను. గోడను చూసి నవ్వేదానికి కూడా జీతమిస్తారా అన్నారు. హాస్యానికే అన్నారులెండి. ఆయన హాస్యాలన్నీ నా పని మీదే ఎందుకు పుడతాయో నాకింకా తెలియదు.

షోళింగనల్లూరు దగ్గరి ఒక కాలేజీలో, ఉద్యోగాలు చేసుకుంటూ బీకాం చదివేవాళ్ళకు నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. వారానికి మూడు రోజులు కాలేజీ, రెండు రోజులు ఇంట్లో రికార్డింగు. ఈ కోర్సు నేనే మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఒక్కో వీడియో ముప్పావు గంట ఉండేది, నాకే నిద్రొచ్చేది. పిల్లలు రెండువందల పన్నెండు సందేహాలు పంపారు. ఒక్కొక్కటీ చదివి, ఎక్కడ చిక్కుపడుతున్నారో చూసి, పాఠాలను ఎనిమిదేసి నిమిషాల ముక్కలు చేశాను. పుస్తకంలోని ఫ్యాక్టరీ లెక్కలు తీసేసి, బస్సు కోసం ఎవరెంతసేపు నిలబడ్డారో ఆ లెక్కలు పెట్టాను. ఏడాదికేడాది సందేహాలు తగ్గుతూ వచ్చాయి. ఈసారి తొమ్మిదే.

సోమవారం మా హెడ్ అచ్యుతరామయ్యగారు పిలిచి, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించారు. తొమ్మిది అనే అంకె ఉన్న కాగితం నా ముందు పెట్టి, "మీరు లేకపోయినా నడిచేటట్టు చేసినారమ్మా. కోర్సంటే అట్లా ఉండాల" అన్నారు. దాంతోపాటు ఇంకో కాగితం ఇచ్చారు. నా గొంతు, నా బొమ్మ, నా నోట్సు కాలేజీవి. వచ్చే టర్ము నుంచి పాఠాల్లో మార్పులుండవు. సందేహాలు కోఆర్డినేటర్ చూసుకుంటాడు, నేను చూడనక్కర్లేదు. నాకు వేరే సబ్జెక్టు ఇస్తారు, మొదటి నుంచి తయారుచేయడానికి. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి. నేను థాంక్స్ సార్ అని బయటికి వచ్చాను. బస్సు ఎక్కి కూర్చున్నాక, దేనికి థాంక్స్ చెప్పానా అని ఆలోచన పట్టుకుంది.

మెచ్చుకున్నారా, పొమ్మన్నారా? మెచ్చుకున్నారనే అనిపిస్తుంది. నేను అక్కర్లేకుండా పోవడానికే గదా ఇంత కష్టపడ్డాను. మంచి టీచరు చేయాల్సింది అదే గదా. మరి ఏడుపెందుకు వస్తోంది? రెండేళ్ళ కిందట ట్రైనింగుకని ఐదు రోజులు కోయంబత్తూరు వెళ్ళినప్పుడు కూడా ఇట్లాగే అయింది. వెళ్ళే ముందు పొడులు కొట్టి, కూరలు తరిగి, ఏ రోజు ఏ డబ్బా తీయాలో చీటీలు అంటించి పోయాను. తిరిగొచ్చాక అత్తయ్య బంధువులందరికీ ఫోన్లు చేసి, ఆ పిల్ల లేదనే తెలియలేదు పో అని గొప్పగా చెప్పింది. నా ఎదురుగానే చెప్పింది. నేను సంతోషంగా నవ్వాను. ఆ రాత్రి మాత్రం అన్నం సహించలేదు. ప్రయాణపు బడలిక అనుకున్నాను.

మా ఆయనకు ఆ కాగితం చూపిస్తే ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశారు. శనివారాలు పాఠాలు దిద్దే పని తప్పుతుంది, అమ్మను మోకాలి డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకుపోవచ్చు, ఇంతకంటే ఏం కావాలి అన్నారు. అత్తయ్య సోఫాలోంచే, "నాకోసరం ఎవరూ ఏదీ విడవ పన్లేదు నాయనా. టైముంటే తీసకపోతాది" అంది. ఆమె మంచిదే. మంచివాళ్ళతోనే నాకు పేచీ పెట్టుకోవడం చేతకాదు. సరే అన్నాను. పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో సరే అనడం నాకు ఊపిరి పీల్చినంత సులువైపోయింది.

గురువారం పొద్దున సంతకం పెట్టేముందు ఎందుకో ఆ తొమ్మిది సందేహాలూ చూడాలనిపించింది. ఈ ఏడాది అవి నా దాకా రాలేదు, ముందే కోఆర్డినేటర్ చేతికి ఇచ్చారు. తెరిచి చూశాను. తొమ్మిదింటికీ ఒకటే జవాబు. దయచేసి వీడియో మళ్ళీ చూడండి. అడిగినవాడు మళ్ళీ అడగడం మానేస్తే ఆ సందేహం తీరినట్టు లెక్క రాశారు. వాటిలో మూడు, జీవిత అనే ఒక్క అమ్మాయివే. వ్యాసర్పాడి పిల్ల, పగలు మందుల షాపులో పని. మొదటిసారి, నాలుగో యూనిట్‌లో మేడమ్ చెప్పేదొకటి, తెరమీద చేసేదొకటిగా ఉంది అని రాసింది. రెండోసారి, మళ్ళీ చూశాను, అర్థం కాలేదు అంది. మూడోసారి సందేహమేమీ లేదు. సారీ మేడమ్ అని మాత్రం ఉంది.

నాలుగో యూనిట్ పెట్టి చూశాను. పదిమంది బస్సు కోసం నిలబడ్డ నిమిషాలు సగటుకు ఎంత అటూ ఇటూగా ఉన్నాయో చెప్పే లెక్క అది. ఎంతమంది ఉంటే అంతతో భాగించాలి అంటున్నాను. తెరమీద తొమ్మిదితో భాగిస్తున్నాను. తొమ్మిది సరైనదే. ఊరందరినీ కాకుండా పదిమందినే మచ్చుకు తీసుకున్నాం కాబట్టి ఒకటి తగ్గించాలి. ఆ మాట నేను చెప్పాను, చెప్పినట్టు బాగా గుర్తు. పాత ఫైలు వెతికి విన్నాను. "ఇక్కడ మాత్రం ఒకటి తగ్గించాలి, ఎందుకంటే" అంటుండగా తలుపవతల నుంచి అత్తయ్య గొంతు. "ప్రియా, చారు పొంగతా ఉండాది, ఏం జేసేది?" స్టవ్ ఆపండత్తయ్యా అని నేను. మళ్ళీ మిగతా పాఠం. ఇంటి చప్పుడు వినబడకూడదని ఆ ముక్క కత్తిరించేశాను. చారుతోపాటు ఆ కారణమూ పోయింది.

రెండేళ్ళుగా ఆ పాఠం అట్లాగే ఉంది. ఎంతమంది చూశారో, ఎంతమంది అర్థమైనట్టు తలూపి పోయారో. జీవిత నంబరు వెతికి ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే భయపడిపోయింది. షాపులో ఉన్నానని చెప్పి, పక్కకు వచ్చి మాట్లాడింది.

"పద్నాలుగు తూర్లు చూసినాను మేడమ్. బస్సులో విన్నా, ఇంటికి పోయి చూసినా. అందురికీ అర్థమయిందని చెప్పినారు. నాకే బుర్ర లేదనుకున్నా. ఈ పరీచ్చ రాయనని మా నాయనతో చెప్పేసినాను" అంది.

"నీ బుర్రకేం కాలేదమ్మా. తప్పు పాఠంలో ఉంది. నేను చేసిన తప్పు" అన్నాను.

ఆ పిల్ల, మరి ఎవరూ చెప్పలేదే మేడమ్ అంది. నెమ్మదిగా అంది, ఎవరినో తప్పు పట్టినట్టు లేదు, నిజంగానే ఆశ్చర్యపోయినట్టుంది. పరీక్షకు ఫీజు కట్టమని, ఆ లెక్క నేనే దగ్గరుండి చెబుతానని అన్నాను. ఫోన్ పెట్టేశాక మంచం మీద కూర్చుండిపోయాను. పద్నాలుగు సార్లు. అర్థం కానిదాన్ని పద్నాలుగు సార్లు చూసి, ప్రతిసారీ తన బుర్రనే తిట్టుకుని, చివరికి సారీ చెప్పిన పిల్ల. ఆమె మీద జాలిపడుతున్నానని కాసేపు అనుకున్నాను. కాదు. నాకు కోపం వస్తోంది. ఎవరి మీదో మాత్రం అంతుపట్టలేదు. కోఆర్డినేటర్ మీదా, హెడ్ మీదా, చారు మీదా, నా మీదేనా?

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే సంతకం అయిందా అని అడిగారు. పెట్టలేదన్నాను. నాలుగో యూనిట్‌లో రెండేళ్ళుగా తప్పుందని, కోర్సు ఇంకా పూర్తి కాలేదని, సందేహాలు నా దగ్గరికే రావాలని హెడ్‌కు రాసి పంపానని చెప్పాను. ఆ కొత్త సబ్జెక్టు కూడా తీసేస్తే ఏం చేస్తావన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆయన బూట్లు విప్పుతూ, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మొదలుపెట్టారు.

"బాగా నడిచేదాన్ని ఎందుకు కెలుకుతావు ప్రియా? రెండేండ్లుగా ఎవురూ ఏమీ అడగలే గదా. అంటే అంతా సరిగ్గా ఉన్నట్టే గదా?"

"పదిహేనేళ్ళుగా నేనూ మిమ్మల్నేమీ అడగలేదు" అన్నాను.