మంచిగుందన్న గిరాకీ

దీక్షిత మాట్లాడటం మొదలుపెడితే వికారాబాద్ స్టేషన్‌లో రైలు కూడా పూర్తిగా వినిపోదామని ఇంకాస్త ఆగుతుందంటాడు వాళ్ళ నాన్న ధనరాజ్. బట్టల కొట్టు ఇల్లది, మాటే పెట్టుబడి. డిగ్రీ రెండో ఏడు ముగిసిన ఆ వేసవిలో ఆమెకు తాండూరులోని ‘చేదోడు’ సంస్థలో ఇంటర్న్‌షిప్ దొరికింది. పదో తరగతితో చదువాపేసేలా ఉన్న పిల్లలకు అండగా నిలిచి ముందుకు నడిపించడం ఆ సంస్థ పని.

“ఎండకాలం వాగులల్ల నీళ్లే ఉండయి, తాండూర్ల షిప్పెట్ల నడుస్తది బిడ్డా?” అన్నాడు ధనరాజ్.

“వాళ్లు చేదోడు, నేను వాదోడు. నడుస్తది నాన్న,” అని రైలెక్కింది దీక్షిత.

సంస్థ నడిపే మనోరమ మేడం ఆమెకు ఒకే ఒక్క అమ్మాయిని అప్పగించింది. పేరు సంజన, ఊరు బషీరాబాద్ దగ్గర. మార్కులు మంచివే, మాటలే తక్కువ.

“కాలేజీల చేరే గడువు శనివారంతోటి అయిపోతది. గా లోపల చేరకపోతే పిల్ల ఇంట్ల కూసుంటది. ఒక్కసారి కూసున్నదంటే మళ్ల లేవదు. ఎందర్ని చూసినమో,” అంది మేడం.

కొట్టుకొచ్చిన గిరాకీని ఉత్త చేతులతో గడప దాటనివ్వని వంశం దీక్షితది. చీర కొనిపించే నోటికి కాలేజీలో చేర్పించడం ఒక లెక్కా అనుకుంది. బట్టల థాన్లు విప్పినట్టు కోర్సులు విప్పింది. ఎంపీసీ పరిచి, అంచు ఇంజనీరింగ్ అంది, కొంగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంది. హైదరాబాద్ హాస్టల్‌ని ఆ పిల్ల భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టడం ఒక్కటే తక్కువ.

దేనికైనా సంజనది ఒకటే మాట. “మంచిగుందక్క.”

“అయితే చేరుతవా?”

“ఆఁ. మంచిగుంది.”

పనైపోయిందని దీక్షిత మేడంకు చెప్పేసింది. మర్నాడు సంజన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఊరుకుంది. కందిపప్పుకు పేరుపడ్డ ఊళ్ళో నా పప్పులే ఉడకలేదు, నాపరాళ్ళ ఊళ్ళో నా పరువే రాళ్ళపాలైంది అనుకుంటూ దీక్షిత గురువారం సాయంత్రం ఇల్లు చేరింది.

కొట్లో బొంరాస్‌పేట నుంచి వచ్చిన ఒకావిడ బీరువాలోని చీరలన్నీ దింపించి, ప్రతిదాన్నీ మంచిగుంది మంచిగుందని మెచ్చుకుని, ఒక్కటీ కొనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ధనరాజ్ నెమ్మదిగా మడతలు పెడుతున్నాడు.

“గంతసేపు మంచిగున్నదన్నది. కొనకపాయె ఏంది నాన్న?”

“గా మాట అన్నప్పుడే నేను మడతపెట్టుడు షురూ చేసిన. అంచు సన్నగున్నది, రంగు పోతదేమో, ధర మస్తు చెప్తున్నవ్ అని గులిగెటోళ్లే కొంటరు బిడ్డా. మనసు పడ్డోళ్లే వంక పెడ్తరు. వద్దనుకున్నోళ్లకు వంకతోటి ఏం పని? మర్యాదకు ఒక మంచి మాట అని పోతరు.”

దీక్షిత కూడా ఒక చీర అందుకుని మడతపెట్టసాగింది. ఆ పిల్లకు కోర్సులన్నీ చెప్పింది. కోరిక మాత్రం అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే షేర్ ఆటోలో సంజన ఊరికి వెళ్ళింది. సంజన పెరట్లో బర్రెను కడుగుతోంది. అక్కను చూడగానే బర్రె చాటున నక్కింది. బర్రె పక్కకు జరిగి పట్టిచ్చింది.

“చేరమని చెప్పనీకె రాలే. నేను చెప్పిన దాంట్ల నీకు నచ్చంది ఏందో గది చెప్పు.”

“అన్ని మంచిగనే ఉన్నయక్క.”

“నేను కొట్టు పిల్లను. గట్లన్నోళ్లు మళ్ల రారని నాకెరుక. వంక పెట్టు.”

సంజన ఇంకో చెంబు నీళ్ళు బర్రె వీపు మీద పోసింది. “హాస్టల్ వద్దు,” అంది.

“ఇంక?”

“లెక్కలొస్తయి గని, జిందగీ అంత లెక్కలే చేసుకుంట ఉండుడు నాతోటి కాదు. సాఫ్ట్‌వేరంటే దినమంత కుర్సీల కూసునుడేనట. గదీ వద్దు.”

వంక వంకకూ దీక్షిత ముఖం వెలుగుతోంది. గిరాకీ గులుగుతోంది.

“మరేం గావాలె?”

“నవ్వుతవ్.”

“నవ్వితే నీ బర్రెతోటి తన్నియ్యి.”

“తాండూర్ల ఇంటర్‌ల పశువుల కోర్సుందట గద. గది.”

అప్పుడే గడ్డిమోపు దించుతున్న తల్లి యాదమ్మ పక్కున నవ్వింది. “బర్లు కాసెటందుకు చదువేందే? నేను చదవకనే కాస్తలేనా?”

“కాస్తున్నవ్. పోయినేడు దూడ ఎందుకు సచ్చిందో చెప్పు మరి.”

యాదమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ దూడ మాట ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ ఎత్తలేదని వాళ్ళ ముఖాలే చెప్పాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దీక్షిత నోరు మూసుకుని నిలబడింది. మూసుకోవడం ఎంత కష్టమో మూసుకున్నాకే తెలిసింది.

“పొద్దుగాల పాలెవరు పిండుతరు?” అంది యాదమ్మ చివరికి.

“నేను పిండి పోత.”

“మాపటికి?”

“మాపటికి నువ్వు. ఐతారం రెండుపూటలు నేనే.”

“తొవ్వల ఒక్కదానివే ఎట్ల పోతవ్?”

సంజన దీక్షిత వైపు చూసింది. దీక్షిత అందుకుంది. “మీ పక్కూరి పిల్లొకతె మా సంస్థకొస్తది చిన్నమ్మ. ఆమె గూడ తాండూర్లనే చేరింది. ఇద్దర్ని జతచేసి తోలుదాం.”

“రేపు నేను గూడ వస్త. కండ్లతోటి చూడంది పిల్లనియ్య,” అంది యాదమ్మ.

శనివారం కాలేజీలో చేర్చుకునే బల్ల దగ్గర అమర్‌నాథ్ సార్ సంజన పేరు రాసుకుంటుంటే, యాదమ్మ బల్ల మీదికి వంగింది.

“రెండేండ్లకు డాక్టరైతదా సారు?”

“కాదమ్మా. డాక్టర్‌కు సాయంగ ఉంటది. ఇంక చదివితే డాక్టరైతది.”

“సాయమంటే సగం డాక్టరా?”

“సగమే అనుకోండ్రి.”

“జర చూసి ముప్పావు చెయ్యుండ్రి సారు. దూరంకెల్లి వచ్చినం.”

సార్ పెన్ను పక్కన పెట్టి నవ్వాడు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. సంజన తల్లి భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది.

“జరుగే అమ్మ. మిగిలిన పావు నేను చూసుకుంట,” అంటూ పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.