ఒంటిగంటకు పోయే కరెంటు

తెగిన పడుగు పోగును రెండు వేళ్ల మధ్య మెలేసి ముడివేశాడు ఎల్లప్ప. మీట తిప్పగానే నాడె మళ్లీ అటూ ఇటూ పరుగు అందుకుంది. నగరిలో ఆ రేకుల షెడ్డు నిండా ఎనిమిది మరమగ్గాలు. ముప్పైనాలుగేళ్లుగా ఆయనది గోడపక్క మగ్గం. నూలు ధూళి కనుబొమల మీద పేరుకుని, అరవయ్యేళ్ల ముఖం ఇంకా ముదిరినట్టు కనిపిస్తుంది.

పన్నెండు దాటింది. పొద్దున షుగరు మాత్ర వేసుకున్నాడు. ఒంటిగంటకల్లా తినకపోతే కళ్లు తిరుగుతాయి. పోయిన నెల అలాగే తూలితే, చెయ్యి మగ్గంలో పడకుండా పక్క మగ్గం మునికుమార్ లాగి పట్టుకున్నాడు.

"కరెంటు పోయినా పోకపోయినా తినెయ్. నీ కడుపుకేమన్నా మీటరు పెట్టినారా?" అని పొద్దున డబ్బా చేతికిస్తూ కసిరింది భార్య మునిరత్నమ్మ.

మీటరు పెట్టినట్టే ఉంది. ఒకప్పుడు రోజూ మధ్యాహ్నం కరెంటు పోయేది. మగ్గాలు ఆగితే అందరూ కింద కూర్చుని తినేవాళ్లు. ఆయన ఆకలి ఆ నిశ్శబ్దంలో లేవడం నేర్చుకుంది. తరువాత కరెంటు పోవడం మానేసింది. కూలి నేసిన గజాల మీద గనుక ఎవరికి వారు ఒక కన్ను పోగుల మీదే ఉంచి మింగసాగారు. ఆ చప్పుడులో ఆయనకు ముద్ద గొంతు దిగేది కాదు. అందరూ నేస్తుంటే తానొక్కడే ఆపాలంటే సిగ్గు. చాలాసార్లు డబ్బా విప్పకుండానే ఇల్లు చేరేవాడు.

తూలిన మర్నాటినుంచి, ఏం పుణ్యమో, ఒంటిగంటకు కరెంటు మళ్లీ పోతోంది.

ఈరోజూ పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. బిందెలో కుళాయి చుక్క పడటం వినిపించింది.

"మామా, అత్త ఊరిబిండి పంపిందా? లేకుంటే నీ పక్కన కూర్సోను," అన్నాడు ఎదురు మగ్గం గిరి.

"సంగటి నాకు, ఊరిబిండి నీకు. మీ అత్త వరసే అంత," అని వేరుశనగ పచ్చడి వాడి వైపు జరిపాడు ఎల్లప్ప. "కరెంటోళ్లు సల్లగుండాల. వాళ్ల పుణ్యాన రెండు ముద్దలు దిగతా ఉండాది."

గిరికి నవ్వాగలేదు. మునికుమార్ మోచేత్తో పొడిచాడు.

ఎల్లప్ప తలెత్తాడు. సందుకు అవతల టీకొట్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. చూపు మెల్లగా వెనక్కి, షెడ్డు గోడమీది మెయిన్ స్విచ్చు దగ్గరికి వచ్చింది. పిడి కిందికి దించి ఉంది.

ఏడుగురు. రోజూ అరగంట కూలి. సిగ్గు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. పసివాడికి వేసేటంత ఆకలి వేసింది.

"ఏమప్పా, రేపు గూడా పోతాదా?"

"పోతాది మామా. ఒంటిగంటకే," అన్నాడు మునికుమార్, డబ్బాలోంచి తలెత్తకుండా.

"మంచోళ్లు. నేను సెప్పినానని సెప్పు వాళ్లకి."

డబ్బా అడుగుదాకా తుడిచి తిన్నాడు.

మరో నాలుగు రోజులు అలాగే తిన్నాడు. ఐదోనాడు తెల్లవారి మునిరత్నమ్మ లేపితే లేవలేదు.

మట్టి చేసి వచ్చాక షెడ్డు తెరిచిన రోజు, ఒంటిగంటకు మునికుమార్ లేచి పిడి దించాడు. అందరూ గోడపక్కన చేరి డబ్బాలు విప్పారు. కిటికీ గూట్లో ఎల్లప్ప అందరికోసం నింపిపెట్టే ఉప్పు సీసా ఉంది. సగందాకా ఉప్పు, అందులో గుచ్చిన చిన్న చెంచా.